పప్పు పెట్టొచ్చు, స్ట్రా మాత్రం వద్దు: జ్ఞానదంతాలు తీయించుకున్న కుర్రాడికి ఇంట్లో సేవ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. శనివారం ఉదయం కింది దవడలో రెండు పక్కలా జ్ఞానదంతాలు తీస్తారు. ఎడమ పక్కది నరానికి దగ్గరగా ఉందని ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పారు. ఇంటికి తెచ్చాక ఏం చేయాలి, ఏం పెట్టాలి? మీ అత్తగారు పప్పూ పెరుగూ రెండూ వద్దంటున్నారు, ఆ మాట వినాలా? మళ్లీ హాస్టల్‌కి ఎప్పుడు పంపొచ్చు?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. కింద ఉన్న ఎముకకీ నరాలకీ అదే కప్పు. మొదటి మూడు నాలుగు రోజులు మీ పనల్లా ఆ గడ్డని కదలనివ్వకుండా చూడటం. ఐస్, మాత్రలు, జావ, అన్నీ దాని తర్వాతే. పప్పు పెట్టండి, పెరుగు పెట్టండి. స్ట్రా ఇవ్వకండి, ఉమ్మనివ్వకండి, మొదటి రోజు పుక్కిలించనివ్వకండి. వాపు రెండో రోజు, మూడో రోజు బాగా పెరుగుతుంది, దానికి కంగారు పడకండి. మూడో రోజు దాటాక నొప్పి తగ్గుతూ రావాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగితే ఇంట్లో చిట్కాలు మానేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. హాస్టల్‌కి వారం తర్వాత, కుట్లు చూపించాక పంపండి.

నేను కాకినాడలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పళ్లే తీస్తున్నాను. తీశాక అందరికీ జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపేదాన్ని. మా అమ్మాయికి పద్దెనిమిదో ఏట తీయించాల్సి వచ్చింది. ఆ వారం మా ఇంట్లో జరిగింది చూశాక ఆ కాగితం సగం తిరగరాశాను. కాబట్టి ఇది సగం డాక్టర్ మాట, సగం తల్లి మాట అనుకోండి.

శనివారం సంగతి మొదట. బయటికి వచ్చేటప్పుడు వాడి నోట్లో గాజ్ (కట్టుకట్టే పలచటి గుడ్డ) మడత పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమంటారు. ముప్పావుగంట నుంచి గంట దాకా దాన్ని తీయకూడదు. దారిలో ప్రతి ఐదు నిమిషాలకీ "ఏదీ, నోరు తెరు, రక్తం ఆగిందేమో చూస్తా" అనకండి. తెరిచిన ప్రతిసారీ ఒత్తిడి పోతుంది, గడ్డ కట్టడం మళ్లీ మొదటికొస్తుంది. అసలు రక్తం ఆగకపోవడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఇదే, ప్రేమతో తొంగి చూడటం. తీసేశాక ఆ రోజంతా ఉమ్ములో ఎరుపు కనిపిస్తుంది. చుక్క రక్తం నోటినిండా ఉమ్ములో కలిస్తే గ్లాసెడు రక్తంలా ఉంటుంది. దాన్ని ఉమ్మకుండా మింగేయమనండి. మింగలేకపోతే తల వంచి, కారనిచ్చి, తుడిచేయండి. నిజంగానే నోరు నిండేలా వస్తుంటే శుభ్రమైన గాజ్‌ని కాస్త తడిపి, మడతపెట్టి, సరిగ్గా గుంట మీద ఉంచి అరగంట కరిపించండి. గాజ్ లేకపోతే వేడినీళ్లలో ముంచి చల్లార్చిన టీ బ్యాగ్ కూడా పనికొస్తుంది, అందులోని వగరు రక్తాన్ని ఆపడానికి సాయపడుతుంది. ఇలా గంటసేపు చేసినా ఆగకపోతే అప్పుడు ఫోన్ చేయండి. దూది మాత్రం పెట్టకండి, పోగులు గుంటలో ఇరుక్కుంటాయి.

పెదవి, నాలుక మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు మొద్దుబారి ఉంటాయి. ఈ వయసు పిల్లలకి అదో వింత. గిల్లుకుంటారు, కొరుక్కుంటారు, వంకర మూతితో వీడియోలు తీసి స్నేహితులకి పంపుతారు. ఒక కుర్రాడు అలా ఆడుకుంటూ కింది పెదవి లోపల పచ్చిపుండు చేసుకొచ్చాడు. వాడికి పన్ను తీసిన చోటికంటే అదే ఎక్కువ బాధపెట్టింది. తిమ్మిరి వదిలేదాకా నమిలేవీ వద్దు, వేడి టీ, కాఫీ అసలే వద్దు. కాలినా తెలియదు.

నొప్పి మాత్ర వేయాల్సింది నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే. తిమ్మిరి పూర్తిగా వదలకముందే, కాస్త చల్లటి జావో పెరుగో కడుపులో పడ్డాక మొదటి మాత్ర వేయండి. ఆ తర్వాత రెండు రోజులు నొప్పి ఉన్నా లేకున్నా చీటీలో రాసిన వేళకి వేయండి. మా అమ్మాయి "నొప్పి లేదుగా" అని రాత్రి మాత్ర మానేసి పడుకుంది. రెండింటికి లేచి ఏడ్చింది. లేచిన నొప్పిని దింపడానికి గంటన్నర పట్టింది.

మాత్రల దగ్గర ఇంట్లో జరిగే పొరపాటు ఒకటుంది, అది నిజంగా ప్రమాదం. డాక్టర్ రాసింది ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిసిన మాత్ర అయి ఉంటుంది, కాంబిఫ్లామ్ లాంటిది. లేదా ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది. పిల్లాడికి ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించగానే ఇంట్లో ఉన్న డోలో 650 ఒకటి పైన వేస్తారు. అదీ పారాసెటమాలే. రెండు వేరు మందులనుకుని ఒకటే మందు రెండింతలు వేసినట్టు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి, రోజులో మొత్తం ఎంత పడిందో కాగితం మీద రాసుకోండి. 50 కిలోలు దాటిన పిల్లాడికి కూడా నేను రోజుకి పారాసెటమాల్ మొత్తం 3 గ్రాములు దాటనివ్వను. ఆస్తమా ఉన్నా, కడుపులో పుండు ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా ఐబుప్రోఫెన్ జాతి మందులు వేసేముందే డాక్టర్‌కి చెప్పాలి. ఆస్పిరిన్ వద్దు, రక్తం ఆగనివ్వదు. ఇంకొక్క మాట. వానాకాలంలో పన్ను తీయించాక పెద్ద జ్వరం వస్తే అది పంటిదే అనుకుని ఐబుప్రోఫెన్ వేస్తూ కూర్చోకండి. డెంగీ అయితే ఆ మందు రక్తస్రావాన్ని పెంచుతుంది. పారాసెటమాల్ ఒక్కటి వేసి, రక్తపరీక్ష చేయించండి.

యాంటీబయాటిక్ అందరికీ అవసరం లేదు, రాయకపోతే అడిగి మరీ రాయించుకోకండి. రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వేయండి. ఒళ్లంతా దద్దుర్లు వస్తే ఆపేసి ఫోన్ చేయండి.

ఇక వాపు. చాలామంది శనివారం సాయంత్రం "అబ్బే, ఏమీ వాయలేదు" అని సంబరపడతారు. అసలు వాపు ఆదివారం, సోమవారం వస్తుంది. బుగ్గలు రెండూ బూరెల్లా అవుతాయి. కొందరికి చెంప నుంచి మెడ దాకా నీలంగా, తర్వాత పసుపుగా కమిలినట్టు కనిపిస్తుంది. అదంతా మామూలే. మొదటి రోజంతా ఐస్ ముక్కలు పలచటి గుడ్డలో చుట్టి బుగ్గ మీద ఇరవై నిమిషాలు పెట్టడం, ఇరవై నిమిషాలు తీసేయడం. రాత్రి రెండు దిళ్లు వేసి తల ఎత్తుగా పడుకోబెట్టండి. దిండు మీద పాత తువ్వాలు పరవండి, పొద్దున్నకి ఎర్ర మరకలు ఉంటాయి.

మా ఇంట్లో ఏం జరిగిందంటే, నేను సాయంత్రం క్లినిక్‌కి వెళ్లగానే మా అమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి మనవరాలికి కాపడం పెట్టింది. డాక్టర్ ఇంట్లో! మొదటి రోజు వేడి తగిలితే అక్కడికి రక్తం ఇంకా ఎక్కువగా వచ్చి వాపు పెరుగుతుంది, రక్తం కారడం కూడా మళ్లీ మొదలవ్వచ్చు. కాపడం తప్పు కాదు, వేళ తప్పు. రెండు రోజులు గడిచాక గోరువెచ్చటి కాపడం దవడ బిగుతుకి నిజంగానే బాగుంటుంది. అమ్మతో అదే చెప్పాను, సోమవారం నుంచి ఆ డ్యూటీ ఆవిడకే అప్పగించాను. మీ అత్తగారికి కూడా ఇలా ఒక పని అప్పగించండి, సగం గొడవ తగ్గుతుంది.

నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఇంకో భయం. రెండు వేళ్లు కూడా పట్టకపోవచ్చు. దవడ కండరం బిగుసుకోవడమే తప్ప ఏదో విరగలేదు. వారం, పది రోజుల్లో వదులుతుంది. మూడో రోజు నుంచి పూటకి నాలుగైదు సార్లు మెల్లగా తెరిచి మూయమనండి, బలవంతం చేయకండి.

ఇప్పుడు అత్తగారి పథ్యం. "పప్పు తింటే చీము పడుతుంది" అనే మాట మన ఇళ్లలో ఏ పుండుకైనా, ఏ ఆపరేషన్‌కైనా వినిపిస్తుంది. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. మానుతున్న పుండుకి మాంసకృత్తులు కావాలి, శాకాహారుల ఇంట్లో అవి వచ్చేదే పప్పూ పెరుగూ పాల నుంచి. ఆ రెండూ తీసేసి చారన్నం మీద ఉంచితే కుర్రాడు నీరసపడటం తప్ప ఒరిగేదేమీ లేదు. పెరుగు వల్ల జలుబు చేస్తుందంటారు. మొదటి రోజు ఈ పిల్లలకి కావాల్సిందే చల్లటిది.

నేను పెట్టమనేది ఇది. శనివారం చల్లారిన రాగిజావ, పెరుగు, మజ్జిగ, అరటిపండు మెదిపి, కప్పులో ఐస్‌క్రీమ్ స్పూనుతో, కోన్ వద్దు. ఆదివారం నుంచి మెత్తగా కలిపిన పెరుగన్నం, పెసరపప్పు పలచగా ఉడికించి నెయ్యి వేసిన అన్నం, పాలల్లో నానిన ఇడ్లీ, మాంసాహారులైతే మెత్తటి గుడ్డు పొరటు. నాలుగో రోజు నుంచి మెత్తటి ఉప్మా, నానబెట్టిన చపాతీ. గోరువెచ్చగా ఉండాలి, పొగలు కక్కకూడదు. పెరుగన్నంలో తాలింపు వేయకండి. ఆవగింజ సరిగ్గా ఆ గుంట సైజుకి కొలిచి చేసినట్టు ఉంటుంది. అందులోకి దిగితే తీయడం మాకే కష్టం. నువ్వులు, జీలకర్ర, గసగసాలు, దానిమ్మ గింజలు, టమాటా గింజలు కూడా అంతే. కారం, ఆవకాయ పుండు మీద మండుతాయి, వారం ఆగొచ్చు. మరమరాలు, చిప్స్, జంతికలు, చేగోడీలు రెండు వారాలు దాచేయండి. సెలవులు కదా అని సంక్రాంతికి తీయించుకుంటారు చాలామంది. ఇంటినిండా అరిసెలు, జంతికల డబ్బాలు పెట్టుకుని పిల్లాడి చేతికి జావ ఇవ్వడం కంటే క్రూరత్వం లేదు. దసరాకి రమ్మంటాను నేను.

స్ట్రా ఎందుకు వద్దంటే, పీల్చినప్పుడు నోట్లో గాలి లాగినట్టవుతుంది, ఆ లాగుడికి గడ్డ ఊడి వస్తుంది. కొబ్బరిబోండాం తాగించాలంటే గ్లాసులో పోసి ఇవ్వండి. సిగరెట్‌దీ అదే పని, పైగా పొగ పుండుని మాననివ్వదు. మీ అబ్బాయి తాగుతాడని నేననటం లేదు. కానీ ఆ వయసు కుర్రాళ్లని నేను అమ్మానాన్నల్ని బయట కూర్చోబెట్టి ఒక్కడినే అడుగుతాను, జవాబులు వేరుగా వస్తాయి. గుట్కా సంగతి కూడా. మీరు కూడా డాక్టర్‌తో వాణ్ని రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఇవన్నీ కనీసం మూడు రోజులు, వీలైతే వారం బంద్. పరుగు, క్రికెట్, జిమ్ కూడా నాలుగైదు రోజులు ఆపాలి.

శుభ్రం సంగతి. మొదటి 24 గంటలు పుక్కిలించడమే లేదు. ఆదివారం మధ్యాహ్నం నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ. గరగరా తిప్పకూడదు. నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నోరు తెరిచి సింకులో జారవిడవాలి. మిగతా పళ్లు ఆదివారం నుంచే మెత్తటి బ్రష్‌తో తోమాలి, కుట్లు తగలకుండా. భయంతో వారం తోమకుండా కూర్చునే పిల్లలకే చిగుళ్లు వాచి వాసన వస్తుంది. ఐదారు రోజుల తర్వాత గుంటలో అన్నం ఇరుక్కుంటుంటే డాక్టర్‌ని అడిగి, సూది లేని సిరంజితో ఉప్పునీళ్లు మెల్లగా కొట్టి కడగొచ్చు.

లవంగ నూనె గురించి గట్టిగా చెప్పాలి. దూది ముంచి గుంటలో పెట్టుకొచ్చిన ఒక అమ్మాయికి చిగురు తెల్లగా కాలిపోయింది. అది పిప్పిపన్ను నొప్పికి ఇంటి చిట్కా, పచ్చి పుండు మీద నిప్పు. పసుపు కూడా కుక్కకండి.

ఇంకో ముచ్చట. మూడో రోజు కుర్రాళ్లందరూ ఫోన్ టార్చి వేసుకుని అద్దం ముందు నిలబడతారు. గుంటలో తెల్లగా, బూడిదరంగులో ఏదో కనిపిస్తుంది. "చీము!" అని ఇల్లంతా లేస్తుంది. ఒక తండ్రి ఇయర్‌బడ్‌తో అదంతా గీకి శుభ్రం చేసి మరీ తీసుకొచ్చాడు. ఆయన గీకింది మానుతున్న పుండు మీది పొర. మోకాలు గీరుకుపోతే పైన పక్కు కడుతుంది కదా, నోట్లో తడి వల్ల అదే తెల్లగా మెత్తగా ఉంటుంది. ఆ అబ్బాయికి తర్వాత వచ్చిందే డ్రై సాకెట్.

డ్రై సాకెట్ అంటే గడ్డ ఊడిపోయి ఎముక బయటపడటం. సాధారణంగా మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య వస్తుంది. గుర్తుపట్టడం తేలిక. అప్పటిదాకా కుదుటపడుతున్న పిల్లాడు ఉన్నట్టుండి చెవిలోకి, కణతలోకి పోటు పొడుస్తోందంటాడు, మాత్ర వేసినా తగ్గదు, నోరు కంపు కొడుతుంది. అదేమీ ప్రాణాపాయం కాదు. డాక్టర్ గుంట కడిగి మందు పెడితే చాలామందికి ఆ పూటే ఉపశమనం. టీనేజీలో పెద్దవాళ్లకంటే ఇది తక్కువ. అందుకే 35 ఏళ్లప్పుడు తీయడం కంటే ఇప్పుడు తీయడమే మాకూ మీకూ సుఖం.

వేళకాని వేళైనా బయల్దేరాల్సినవి ఇవి: నాలుగో రోజు తర్వాత కూడా వాపు పెరుగుతూ మెడలోకి దిగడం, 101 దాటిన జ్వరం, నోట్లోకి చీము కారడం. మింగలేకపోయినా, నాలుక కింద ఎత్తుగా లేచినా, మాట ముద్దగా మారినా, ఊపిరికి ఇబ్బందైనా పంటి డాక్టర్ కోసం చూడకండి, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి. చాలా అరుదు, కానీ ఆ అరుదులో గంటలు లెక్క.

హాస్టల్. ఏడో రోజున కుట్లు తీయించి, అదే రోజు సాయంత్రం పంపొచ్చు. కరిగిపోయే కుట్లు వేస్తే తీయాల్సిన పని లేదు, కానీ ఏడో రోజు చూపించడం మాత్రం మానకండి. మెస్‌లో మొదటి వారం పెరుగన్నం, ఇడ్లీ మీద నెట్టుకురావచ్చు. పబ్లిక్ పరీక్షలకి, ఈఏపీసెట్‌కి (ఒకప్పటి ఎంసెట్) ముందు రెండు వారాల్లో మాత్రం తీయించకండి. ఈ శనివారం అలాంటిదేమీ లేదనుకుంటాను.

చివరగా నరం. మీ అబ్బాయి ఎడమ పన్ను కింద పోయే నరం పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. పన్ను దానికి ఆనుకుని ఉంటే తీసేటప్పుడు అది కాస్త నలిగే అవకాశం ఉంది. నలిగితే పెదవి వంకర పోదు, మాట మారదు, తిమ్మిరి మాత్రం కొన్ని వారాలో, నెలలో ఉంటుంది. ఎక్కువమందికి మెల్లగా తిరిగొస్తుంది. తొందరగా తెలిస్తేనే డాక్టర్ దాన్ని గమనిస్తూ ఉండగలరు. ఆదివారం ఉదయం లేవగానే కళ్లు మూసుకోమని, కింది పెదవి రెండు పక్కలా, గడ్డం మీద దూదితో మెల్లగా తాకి, తెలుస్తోందా అని అడగండి. ఎడమ పక్క ఇంకా మొద్దుగానే ఉందంటే సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి.